పట్టకముందే మోపిన కాలు

మా గల్లీలో ఎవరైనా మోకాలు పట్టుకుని మెట్లెక్కుతూ కనిపిస్తే ఈ మధ్య జనం వాళ్ళను నా దగ్గరికి పంపుతున్నారు. "మల్లేశ్ తాన్కి పో. ఆయన మోకాల్ల ఏందో స్పంజి అసొంటిది పెట్టిచ్చుకున్నడు. ఎట్ల నడుస్తుండో సూడు" అని. వచ్చినవాళ్ళకు టీ తెప్పించి నాకు తెలిసింది చెబుతున్నాను. అయితే నోటితో చెప్పేటప్పుడు నన్ను చిన్నబుచ్చే భాగం దగ్గరికి రాగానే మాట దాటవేసే గుణం నాలో ఉంది. కాగితం మీదైతే అంత తేలిగ్గా దాటలేనని రాస్తున్నాను. మోకాళ్ళ మీద కూర్చుని పనిచేసేవాళ్ళకు, వాళ్ళను భరించే ఇంటివాళ్ళకు ఇది పనికొస్తే సంతోషం.

నేను ఫర్షీ మేస్త్రీని. మా తాత పాలమూరు వైపు నుంచి వచ్చి ఈ నగరంలో గోడలు కట్టాడు. నేను ఆ గోడల మధ్య టైల్స్ పరుస్తాను. కామాటిపురలో పదకొండో గల్లీ, వరస గదుల పాత చాల్, మూడో అంతస్తు. నా భార్య అనసూయ ఫోరస్ రోడ్ మీద ఒక చిన్న కార్ఖానాలో చొక్కాలకు గుండీలు కుడుతుంది. కూతురు స్నేహ కాలేజీకి వెళ్తోంది. మాతో మాట తెలుగులో మొదలుపెట్టి మరాఠీలో ముగిస్తుంది.

మే నెల

దాదర్‌లో ఒక ఫ్లాటు పని. ఆ బిల్డింగులో పనివాళ్ళు లిఫ్టు ఎక్కకూడదు. టైల్స్ పెట్టె భుజాన వేసుకుని ఎక్కుతుంటే మెట్టు తప్పింది. పెట్టెను మాత్రం వదల్లేదు. కుడి మోకాలు మెట్టు అంచుకు గట్టిగా కొట్టుకుంది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి నేను గొప్పగా చెప్పుకున్నది ఒక్క టైలు కూడా పగల్లేదని.

మోకాలు అంతకు ముందే ఏళ్ళ తరబడి సతాయిస్తోంది. బామ్ రాసేవాణ్ణి, గోలీ మింగేవాణ్ణి, పనిలోకి వెళ్ళేవాణ్ణి. ఆ దెబ్బ తర్వాత మాత్రం అది మధ్యలో బిగుసుకుపోవడం మొదలైంది. కూర్చుంటే లేవదు, లేస్తే వంగదు. లోపల ఏదో చిన్న రాయి దొర్లుతున్నట్టు ఉండేది. అనసూయ రోజూ ఆస్పత్రికి పొమ్మనేది. నేను రోజూ ఈ పని అయిపోనీ అనేవాణ్ణి. చివరికి స్నేహ తనే ఫోన్లో నంబరు తీసుకుని, "పప్పా, ఉద్యా జాయచంచ్" అంది. రేపు వెళ్ళాల్సిందే అని. వెళ్ళాను.

జూన్

అది ట్రస్టు వాళ్ళ పెద్ద ఆస్పత్రి. ఎముకల విభాగం బయట బెంచీల మీద ఎప్పుడూ మనుషులుండేవారు. అక్కడ నాకో సంగతి అర్థమైంది. మోకాలి నొప్పి ఉన్నవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోరు, కాళ్ళు చూసుకుంటారు. నా పక్కన ఒక టాక్సీ డ్రైవరు కూర్చునేవాడు. రెండోసారి కనబడ్డప్పటి నుంచి తన డబ్బాలోంచి ఒక రొట్టె తీసి నా చేతిలో పెట్టేవాడు. పేరు అడగలేదు, నా పేరు చెప్పలేదు. ఆ వేయిటింగు గదిలో నా భయాన్ని తగ్గించింది ఎక్కువగా ఆ రొట్టే.

డాక్టరమ్మ వయసులో నాకంటే చిన్న. స్కాన్ తెర మీద చూపించింది. తొడ ఎముక చివర, మోకాలిలో ఆనే చోట, నున్నటి పొర ఊడిపోయి, దాని కింద ఎముక కూడా రూపాయి బిళ్ళంత మేర గుంత పడింది. ఆ పొర ఒకసారి పోతే తనంతట తాను మళ్ళీ రాదట.

"ఈ గుంతలో స్కాఫోల్డ్ పెడతాను" అంది హిందీలో. "చిన్న బిరడా లాంటిది. కింది సగం ఎముక లాగా గట్టిగా, పై సగం మెత్తగా ఉంటుంది. నిండా సన్నని రంధ్రాలు. మీ రక్తం, మీ కణాలు ఆ రంధ్రాల్లోకి వెళ్ళి ఇల్లు కట్టుకుంటాయి. అవి పెరిగేకొద్దీ మేం పెట్టింది కరిగిపోతుంది. చివరికి మిగిలేది మీది."

"పట్టకపోతే?" అని అడిగాను.

"అప్పుడు ఇంకో ఆపరేషన్. రేపెప్పుడో లోహపు మోకాలు. అది పెడితే మీరు నేల మీద మోకరించి టైల్స్ వేసే పని మరిచిపోవాలి. అందుకే ఇది పట్టడం ముఖ్యం. ఆరు వారాలు ఆ కాలి మీద బరువు వేయకూడదు. కొద్దిగా కూడా."

నేను నవ్వాను. "మేడమ్, ఇది నాకు మీరు చెప్పాలా? కొత్త ఫర్షీ మీద కాలు పెట్టకండని ఇంటివాళ్ళను తిట్టేది నేనే."

"మంచిది. అయితే మీతో నాకు బాధ లేదు" అందామె. ఆ మాట తర్వాత చాలాసార్లు గుర్తొచ్చింది.

స్కాఫోల్డ్ అంటే పరాంచి అని చాల్‌కు వచ్చి చెబితే ఎదురింటి బాలనర్సయ్య తాత నమ్మలేదు. ఆయన పాతకాలపు మేస్త్రీ, జీవితమంతా పరాంచి మీద నిలబడి గోడలు కట్టినవాడు. "ఏందిరా, మోకాల్ల పరాంచి కడ్తరా? బొంగులు యాడికెళ్ళి తెస్తరు మరి?" అన్నాడు. "నువ్వు ఖాళీగున్నవ్ గద, నిన్నే పిలుస్తరట తాతా" అన్నాను. ఆ రోజు వరకు నేను ధైర్యంగానే ఉన్నాను.

జులై

ఆపరేషన్ గురించి చెప్పడానికి నా దగ్గర ఎక్కువ లేదు. నడుము కింద మొద్దుబారింది, ఎవరో రేడియో పెట్టారు, కళ్ళు తెరిస్తే అయిపోయింది. అసలు కష్టం ఇంటికొచ్చాక. మూడంతస్తులు నన్ను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మోశారు. మెట్టు మెట్టుకూ ఆడవాళ్ళు పక్కకు జరిగి, "అయ్యో పాపం" అని ఒకరు, "ఊరేగింపు మంచిగుంది మేస్త్రీ" అని ఇంకొకరు అన్నారు.

చాల్‌లో మరుగుదొడ్లు గదుల ముందున్న పొడుగాటి గ్యాలరీ చివర. చంకకర్రలతో అంత దూరం తడినేల మీద వెళ్ళకూడదు. కింద ఫర్నిచరు పని చేసే అబ్దుల్ ఒక కుర్చీకి మధ్యలో గుండ్రంగా కోసి, అంచులు గరుకు కాగితంతో రుద్ది తెచ్చాడు. దాని కింద బకెట్. ఆ బకెట్ అనసూయ మోసేది. పనికి పోయే ముందు, వచ్చాక. ముఖం తిప్పుకోలేదు, ఒక్కసారి కూడా. నేనే ముఖం తిప్పుకునేవాణ్ణి.

సిగ్గు నాలో కోపంగా మారింది. టీ చల్లారిందని కసిరాను. ఫ్యాన్ రెక్కలు తుడవలేదని అరిచాను. ఒకసారి కూర ఉప్పగా ఉందని పళ్ళెం నెట్టేశాను. ఆ కూర స్నేహ వండింది. పిల్ల పళ్ళెం తీసుకెళ్ళి, అదే కూరతో తను తిన్నది.

ఆగస్టు

ఇక నేను రాయడానికి జంకుతున్న భాగం.

మా పనిలో ఒక అలవాటుంది. ఫర్షీ వేసిన మర్నాడు, ఇంటివాళ్ళు రాకముందే, మేస్త్రీ ఒక మూల టైలు మీద మడమ ఆనించి కాస్త నొక్కి చూస్తాడు. కదలకపోతే పట్టిందని అర్థం. ఇంటివాళ్ళను అడుగు పెట్టనివ్వం, మేం మాత్రం నొక్కి చూస్తాం. మా చేతి పని మా కాలికి తెలుస్తుందని నమ్మకం.

ఇంకా ఆరు వారాలు నిండలేదు. గణపతి పండగకు ముందు పరేల్‌లో పెద్ద పని ఉందని కాంట్రాక్టరు ఫోన్ చేశాడు. వస్తావా, వేరేవాణ్ణి చూసుకోనా అన్నాడు. రెండు రోజుల్లో చెబుతానన్నాను. ఫోన్ పెట్టేసినప్పటి నుంచి నా ఆలోచనంతా ఒకటే. లోపల పట్టిందా, లేదా?

మధ్యాహ్నం. అనసూయ కార్ఖానాలో, స్నేహ కాలేజీలో. గ్యాలరీ ఖాళీ. చంకకర్రలు గోడకు ఆనించి, కటకటాలు పట్టుకుని కుడికాలు నేలకు ఆనించాను. ఏమీ కాలేదు. ఎంత సంతోషమో! ఇంకాస్త బరువు వేశాను. ఏమీ కాలేదు. అప్పుడు చేతులు వదిలేసి, టైలు మూలను నొక్కినట్టే, మడమ ఆనించి పూర్తిగా నొక్కాను.

లోపల తడి ఇసుక జారినట్టు ఏదో కదిలింది. నొప్పి తర్వాత వచ్చింది, ముందు ఆ కదలికే. కూలబడ్డాను. పక్కింటి ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. మా గడప ముందు నీళ్ళ డ్రమ్ము ఉంది, పొద్దున అనసూయ నింపినప్పుడు ఒలికిన తడి దాని కింద ఇంకా ఆరలేదు.

"నీళ్ళల్ల జారినవా అన్నా?" అని పక్కింటి సుజాత అడిగింది.

"ఊఁ" అన్నాను.

నా అబద్ధం అంతే, ఒక్క మూలుగు. కానీ సాయంత్రానికి అది అనసూయ మెడకు చుట్టుకుంది. గ్యాలరీ మొదట్లోనే ఎవరో చెప్పేశారు. తను లోపలికి వచ్చి నా మోకాలి వైపు చూసింది, సొరకాయలా ఉబ్బి ఉంది. మళ్ళీ గడప బయటికి పోయి చెంగుతో డ్రమ్ము కింద నేల తుడవడం మొదలుపెట్టింది. అప్పటికే ఆరిపోయిన నేలను.

"నా చేతులు ఇరిగిపోను. బిందె నిండక ముందే ఎత్తింటె ఒలికేది గాదు" అంది.

నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను.

ఆస్పత్రిలో మళ్ళీ స్కాన్ తీస్తామన్నారు. రోజు దొరకడానికి వారం పట్టింది. ఆ వారం అంతా తను తెల్లవారుజామున లేచి నీళ్ళు నింపాక, మా గడపే కాకుండా గ్యాలరీ మొత్తం తుడిచేది. కుళాయి దగ్గర ఆడవాళ్ళు, "మొగనికి ఆపరేషనైతే జర సూస్కోవద్దా అనసూయా" అంటే తల ఊపేది. పనిలో సూది గుచ్చుకుని వేలికి గుడ్డ కట్టుకుని వచ్చింది. అన్నీ చూశాను. చెబుదామని నోరు తెరిచి, మంచినీళ్ళు ఇవ్వమని అడిగేవాణ్ణి. కాలు నొక్కి చూసినదాని కంటే అది పెద్ద తప్పు. మోకాలి నొప్పికైతే గోలీ ఉంది, అందుకే ఇంట్లో ఉన్న నొప్పి అదొక్కటే అనుకుని పడుకున్నాను.

స్కాన్ చూశాక డాక్టరమ్మ మా ఇద్దరినీ లోపలికి పిలిచింది. తెర మీద ఒక గీత చూపించింది.

"ఒక అంచు కొద్దిగా లేచింది. ఊడిపోలేదు. కానీ నాకు లెక్క కుదరడం లేదు. తడిలో జారితే మోకాలు మెలికపడాలి. మెలికపడితే ఎముకలను కట్టి ఉంచే లోపలి తాళ్ళు తెగి ఉండొచ్చు, కెమెరా పెట్టి తెరిచి చూడాలి. కానీ ఇది పైనుంచి నేరుగా బరువు పడినట్టుంది. ఎలా పడ్డారో సరిగ్గా గుర్తు చేసుకోండి. తెరవాలా వద్దా అన్నది మీ జవాబు మీద ఉంది."

నా కంటే ముందు అనసూయ అందుకుంది. వచ్చీరాని హిందీలో, "పానీ మై గిరాయీ మేడమ్. గల్తీ మేరా" అంది. నీళ్ళు నేనే ఒలకబోశాను, తప్పు నాదే అని. చేతులు కూడా జోడించింది.

ఆ చేతులు చూశాక ఇక ఆగలేకపోయాను.

"నీళ్ళు కాదు మేడమ్. నేను జారలేదు. పట్టిందో లేదో చూద్దామని నిలబడి నొక్కాను."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "మీతో నాకు బాధ లేదన్నాను, గుర్తుందా?" అంది మెల్లగా. తర్వాత తెర వైపు తిరిగి, అయితే తెరవనక్కర్లేదని, మళ్ళీ మొదటి నుంచి బరువు లేకుండా ఉండాలని, పట్టే అవకాశం ఇంకా ఉందని, హామీ మాత్రం ఇవ్వలేనని చెప్పింది.

అనసూయ టాక్సీలో కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. నలుగురూ కుర్చీ మోసి నన్ను మంచం మీద దింపి వెళ్ళాక, తలుపు దగ్గరగా వేసింది.

"వారం దినాలు," అంది. "వారం దినాలు ఆ కుళాయికాడ వాళ్ళ మాటలు పడ్డ. నువ్వు ఈడ పండుకోని ఇన్నవ్. ఇన్నవా లేదా?"

"ఇన్న."

"మోకాలు ఇరుగుతే డాక్టర్ ఉన్నది. నేను ఇరుగుతే ఎవ్వల్ని పిలుస్తవయ్యా?"

తను వంట చేసింది, బకెట్ మార్చింది, కాలి కింద దిండు సర్దింది. నాతో మాట్లాడలేదు. ఆ రాత్రి ఎలా గడిచిందో చెప్పను, అది నాకు రావాల్సిందే.

మర్నాడు పొద్దున నీళ్ళు వచ్చే వేళకు, స్నేహను తోడు పెట్టుకుని, కుడికాలు గాల్లో ఉంచి చంకకర్రల మీద గ్యాలరీలో కుళాయి దాకా వెళ్ళాను. ఆడవాళ్ళందరూ బిందెలతో ఉన్నారు. అనసూయ కూడా.

"అందరు ఇనుండ్రి," అన్నాను. "నేను నీళ్ళల్ల జారలే. పట్టిందా లేదా అని టైలు నొక్కినట్టు నొక్కి సూసిన. అబద్ధం జెప్పిన. అనసూయ తప్పు ఏమీ లేదు."

సుజాత పగలబడి నవ్వింది.

"అరే బాపరే! సుత్తె ఒక్కటి పెట్టి కొట్టకపోయినవా అన్నా, డొల్లనా గట్టినా తెలుస్తుండె!"

"పోయినేడు మా కిచెన్ల టైల్స్ మీద పిల్లి నడిస్తెనే ఎంత లొల్లి జేసినవ్!" అని ఇంకొకావిడ. వాళ్ళలోనే ఒక పెద్దావిడ నవ్వకుండా అనసూయ బిందె తీసి, తన కంటే ముందు కుళాయి కింద పెట్టింది. ఎవరూ క్షమాపణ చెప్పలేదు. మా చాల్‌లో వరస వదులుకోవడం అంతకంటే పెద్ద మాట.

అనసూయ నా వైపు చూడకుండానే, "ఇగ లోపలికి పో. ఎంతసేపు ఒంటికాలి మీద నిలవడ్తవ్" అంది. ఆ రోజుకు అదే చాలు అనుకున్నాను.

అక్టోబర్

పరేల్ పని వేరేవాళ్ళకు వెళ్ళింది. గణపతి వచ్చి వెళ్ళాడు, నేను కిటికీలోంచి చూశాను. బాలనర్సయ్య తాత రోజూ సాయంత్రం వచ్చి, పొద్దుపోయేదాకా పేకాడుతూ ఓడిపోయేవాడు. కావాలనే ఓడిపోతున్నాడని నాకు ఆలస్యంగా తెలిసింది.

బతుకమ్మ పాటలు కింద వాకిట్లో వినబడుతున్న రోజుల్లో మూడో స్కాన్ తీశారు. ఆ ఫలితం కోసం కూర్చున్న మధ్యాహ్నం నా జీవితంలోని పొడవైన మధ్యాహ్నాల్లో ఒకటి. పక్కన అనసూయ సంచిలోంచి గుండీలు, చొక్కా తీసి కుడుతూ కూర్చుంది. దారం తెంపడానికి నా వైపు చాచింది. పళ్ళతో తెంపి ఇచ్చాను. అప్పటిదాకా అవసరానికి పొడి మాటలే, అలా మళ్ళీ అసలు మాటలు మొదలయ్యాయి. మాటల్లేకుండానే.

అంచు మళ్ళీ అతుక్కుంది. కింద ఎముక నిండుతోంది, పైన పొర కనిపించడం మొదలైంది. డాక్టరమ్మ తెర మీద వేలు పెట్టి చూపిస్తుంటే నాకు బూడిద రంగు తప్ప ఏమీ అర్థం కాలేదు, కానీ ఆమె ముఖం అర్థమైంది.

"ఇవాళ నిలబడొచ్చు" అంది.

కసరత్తు గదిలో రెండు కడ్డీల మధ్య నన్ను నిలబెట్టారు. ఎడమకాలి మీదే నిలబడ్డాను. కుడికాలు దించమన్నారు. దించలేకపోయాను. కసరత్తు చేయించే అమ్మాయి ఓపికగా మళ్ళీ చెప్పింది. నా కాలు గాల్లోనే ఉంది.

కడ్డీల అవతల నిలబడ్డ అనసూయ చూసి చూసి అంది: "ఒద్దన్ననాడు ఎవ్వరు జెప్పకున్నా నిలవడితివి. ఇయ్యాల డాక్టరమ్మ జెప్తుంటె కాలు దిగుతలేదా, స్నేహ వాళ్ళ పప్పా?"

నవ్వొచ్చింది. నవ్వుతుంటే కాలు దిగింది. మోకాలి లోపల ఏదీ జారలేదు. నా బరువు మొత్తం అక్కడ ఆగింది.

ఇప్పుడు

నడుస్తున్నాను. మెట్లెక్కుతున్నాను. రోజంతా మోకాళ్ళ మీద కూర్చునే పని మానేశాను. గోడల టైల్స్ వేస్తున్నాను, నేల పనికి వేరేవాళ్ళను పెట్టి పక్కన చిన్న పీట మీద కూర్చుని చూసుకుంటున్నాను. వానాకాలంలో కాస్త బిగుస్తుంది. మంచి మోకాలు కాదు, కానీ నా మోకాలే. నా దగ్గరికి వచ్చేవాళ్ళకు చెప్పేది ఒకటే. లోపల ఏం పెట్టారో తర్వాత అడగండి, ఇంటికొచ్చాక ఎవరి మాట వింటారో ముందు తేల్చుకోండి. ఏదైనా తప్పు జరిగితే ఆ సాయంత్రమే చెప్పేయండి. మర్నాటికి ఆ తప్పు ఇంకొకరిది అయిపోతుంది.

పోయిన నెల చివరి పరీక్షకు వెళ్ళాం. డాక్టరమ్మ పాత స్కాన్, కొత్త స్కాన్ పక్కపక్కన పెట్టింది. తాను పెట్టినదాని జాడ ఇప్పుడు దాదాపు లేదని, ఆ చోటంతా నిండిందని చెప్పింది. తర్వాత నన్ను వదిలేసి అనసూయను అడిగింది.

"మధ్యలో ఏమైనా తప్పు చేశాడా? కింద కూర్చోవడం, ఉరకడం?"

అనసూయ చీర కుచ్చెళ్ళు సర్దుకుంది. "ఆయన్నే అడుగుండ్రి మేడమ్. ఇప్పుడైతే నిజమే జెప్తడు."

ఇద్దరూ నా వైపు చూశారు.

"మొన్న పెళ్ళిలో కింద పంక్తిలో కూర్చుని తిన్నాను మేడమ్. కుర్చీలున్నాయి. అయినా కూర్చున్నాను."

అనసూయ గిరుక్కున తిరిగింది. "ఇది నాకు జెప్పలే!"

"ఇప్పుడు జెప్తున్న గద."

డాక్టరమ్మ నవ్వి, బల్ల ఎక్కి పడుకోమంది. ఎక్కాను. అనసూయ ఏదో గొణుగుతూనే దగ్గరికొచ్చి, మోకాలు కనబడేలా నా ప్యాంటు అంచు తనే పైకి మడిచింది.